తొంభై అయిదవ శవము

నేరకథలను విశ్వాసి కుటుంబం ఎలా చదవాలి? ఎలా తూచాలి?



హత్యలు, మోసాలు, పగలు నిండిన నవలలను క్రైస్తవ గృహంలో చదవవచ్చునా? ఈ ప్రశ్న మన సంఘాలకు కొత్తది కాదు. బస్టాండు పక్కన అద్దె లైబ్రరీలు ఉన్న రోజుల్లో, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను పిల్లలు పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకొని చదివేవారు. ఈనాడు ఫోనులో దాచుకొని చదువుతున్నారు. దాచే చోటు మారింది గాని, తల్లిదండ్రుల ప్రశ్న మారలేదు.

"అలాంటివి ముట్టుకోవద్దు" అని ఒక్క మాటతో తేల్చివేయడం సులభమే. అయితే ఆ మాట అన్న తరువాత మన చేతిలోని బైబిలును తెరచి చూడండి. ఆదికాండము నాలుగవ అధ్యాయములోనే పొలములో హత్య జరిగింది. చంపినవాడు అన్న, చచ్చినవాడు తమ్ముడు. సమూయేలు రెండవ గ్రంథములో ఒక రాజు తన పాపాన్ని కప్పుకోవడానికి నమ్మకమైన సైనికుణ్ణి యుద్ధం ముమ్మరంగా జరిగే చోట నిలబెట్టించాడు. చంపించే ఉత్తరాన్ని చచ్చేవాని చేతికే ఇచ్చి పంపాడు. నేరాన్ని గూర్చి వ్రాయడమే పాపమైతే ఈ అధ్యాయాలు మన గ్రంథములో ఉండేవి కావు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. పుస్తకంలో నేరం ఉన్నదా లేదా అని కాదు. చంపబడినవాణ్ణి, చంపినవాణ్ణి, చూస్తూ ఊరుకున్నవాళ్ళను ఆ పుస్తకం ఏ కన్నుతో చూస్తున్నది? దీనికి జవాబు వెదకడానికి రెండు రకాల నవలలను పరిశీలిద్దాము. ఒకటి, మధ్యయుగపు యూరపు మఠాలలో నడిచే నేరకథలు. రెండవది, అమెరికా పట్టణాల చీకటి కథలు. కాలేజీ చదువుకునే పిల్లలు ఈ పుస్తకాలను ఇంగ్లీషులో చదవగలరు. మిగిలినవారు కథ వారి నోట వినవచ్చును.

ఉరితీసినవారు 94, దొరికిన శవాలు 95

అది 1138వ సంవత్సరం. ఇంగ్లండులో అంతర్యుద్ధం. మొదటి హెన్రీ రాజు 1135లో చనిపోగా, ఆయన కుమార్తె మాడ్‌కు రావలసిన సింహాసనాన్ని ఆయన మేనల్లుడు స్టీఫెన్ ఎక్కాడు. మన వరుసల్లో చెప్పాలంటే బావామరదళ్ళ మధ్య రాజ్యం కోసం యుద్ధం. వేల్స్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ష్రూస్‌బరీ కోట మాడ్ పక్షాన నిలిచింది. స్టీఫెన్ దానిని పట్టుకొని, లోపల మిగిలిన సైనికులను ఉరితీయించాడు. ఇంతవరకు చరిత్ర.

ఈ చరిత్ర మీద ఎల్లిస్ పీటర్స్ అనే రచయిత్రి 1979లో 'వన్ కార్ప్స్ టూ మెనీ' అనే నవల వ్రాశారు. ఒక శవం ఎక్కువైంది అని దాని అర్థం. నవలలో ఉరితీయబడినవారు 94 మంది. వారిని పాతిపెట్టే పనిని ఊరి మఠం రాజును అడిగి తీసుకుంటుంది. బ్రదర్ కాడ్‌ఫెల్ అనే మఠవాసి ఆ పనికి పూనుకుంటాడు. శవాలను శుభ్రం చేయించి, వరుసగా పడుకోబెట్టించి లెక్కపెడతాడు. 95 వస్తాయి. మళ్ళీ లెక్కపెడతాడు. 95.

ఎక్కువైన ఆ యువకుని మెడ మీద ఉన్నది ఉరితాడు గుర్తు కాదు. ఎవరో వెనుక నుండి సన్నని తాడు బిగించి చంపారు. చంపి, రాజు చంపించినవారి గుట్టలో పడవేశారు. అంత మంది మధ్య ఇంకొకణ్ణి ఎవరు లెక్కపెడతారని హంతకుని ధైర్యం. ఇంతమంది చచ్చినప్పుడు ఇంకొకడు చస్తే ఏమైందని లోకం కూడా అంటుంది. కాడ్‌ఫెల్ మాత్రం రాజు ఎదుటికి వెళ్ళి ఆ ఒక్కని సంగతి చెప్తాడు. ఆ 94 మందిని చంపించినందుకు రాజు బాధ్యుడు. ఈ ఒక్కని రక్తానికి మాత్రం బాధ్యుడెవరో తెలియదు, తెలియాలి అని ఆయన పట్టు.

లూకా సువార్త 15వ అధ్యాయములో తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్క గొర్రె కోసం వెళ్ళిన కాపరి మీకు జ్ఞాపకం వచ్చాడా? నవలలో ఆ కాపరి ప్రసంగం లేదు. ఒక మనిషి నిలబడి శవాలను లెక్కపెట్టడం మాత్రమే ఉన్నది. అయినా చదివినవాని మనస్సులో ఆ లెక్క నిలిచిపోతుంది.

ఎల్లిస్ పీటర్స్ అనేది కలం పేరు. అసలు పేరు ఎడిత్ పార్జెటర్. ఆమె 1913లో ఆ ష్రూస్‌బరీ ఉన్న ష్రాప్‌షైర్ ప్రాంతంలోనే పుట్టారు. యౌవనంలో మందుల దుకాణంలో సహాయకురాలిగా పనిచేశారు. అందుకే కాబోలు, కాడ్‌ఫెల్ చేతికి ఆమె మందుమొక్కల తోటను అప్పగించారు. కథ ప్రకారం ఆయన యౌవనంలో యెరూషలేము వరకు వెళ్ళి యుద్ధం చేసినవాడు, సముద్రం మీద తిరిగినవాడు. నడివయస్సులో మఠంలో చేరాడు. మొదటి కాడ్‌ఫెల్ నవల 1977లో వచ్చేసరికి రచయిత్రికి అరవై దాటాయి. 1994 వరకు 20 నవలలు వచ్చాయి. 1995లో ఆమె కన్నుమూశారు. నిజమైన ఆ మఠం 1083లో స్థాపించబడింది, 1540లో ఎనిమిదవ హెన్రీ కాలంలో మూయబడింది. దాని దేవాలయంలో మాత్రం నేటికీ ఆరాధన జరుగుతున్నది.

లోపాలు లేవా? ఉన్నాయి. దాదాపు ప్రతి పుస్తకంలో ఒక యువజంట చివరకు కలుసుకుంటుంది. అది తీపి ఎక్కువైన పాయసంవలె అనిపించవచ్చును. కాడ్‌ఫెల్ కొన్నిసార్లు తనకు తెలిసిన నిజాన్ని అధికారులకు చెప్పకుండా తన తీర్పే తాను తీర్చుకుంటాడు. అది కనికరమా, అహంకారమా? ఇంట్లో కూర్చొని మాట్లాడుకోదగిన ప్రశ్న ఇది.

చీకటి నవలలు, నాబోతు ద్రాక్షతోట

న్వార్ అనేది ఫ్రెంచి మాట. నలుపు అని అర్థం. పారిస్‌లోని గాలిమార్ ప్రచురణ సంస్థ 1945లో 'సెరీ న్వార్' అనే పేరుతో నేర నవలల వరుసను ప్రారంభించింది. నల్ల అట్టలతో వచ్చిన ఆ వరుసలో అమెరికా నవలల అనువాదాలు ఎన్నో ఉన్నాయి. ఆ తరహా కథలకు ఆ పేరు నిలిచిపోయింది. మనం వాటిని చీకటి నవలలు అందాము.

మామూలు డిటెక్టివు కథలో ఊరు మంచిదే. ఒక్కడు చెడ్డవాడు. వాణ్ణి పట్టుకుంటే ఊరు మళ్ళీ బాగుపడుతుంది. చీకటి నవలలో అలా కాదు. చెడు ఊరంతా పాకి ఉంటుంది. పోలీసును కొన్నారు, పత్రికను కొన్నారు, న్యాయాన్నీ కొన్నారు. ఒక్క హంతకుణ్ణి పట్టుకున్నంత మాత్రాన ఏదీ బాగుపడదు.

ఈ తరహాకు దారి వేసినవాడు డాషియెల్ హామెట్. 1894లో పుట్టి 1961లో చనిపోయాడు. కథలు వ్రాయకముందు పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివు సంస్థలో ఉద్యోగం చేశాడు గనుక నేరగాళ్ళను, వారిని పట్టుకునేవాళ్ళను దగ్గరనుండి చూసినవాడు. 1929లో వచ్చిన ఆయన 'రెడ్ హార్వెస్ట్' నవలలో ఒక గనుల పట్టణం ఉన్నది. గని యజమాని కార్మికుల సమ్మెను అణచడానికి రౌడీలను ఊరికి రప్పిస్తాడు. సమ్మె అణిగింది. రౌడీలు మాత్రం వెళ్ళలేదు. ఊరినే పంచుకొని కూర్చున్నారు.

ఇది మనకు తెలియని కథా? రాజులు మొదటి గ్రంథము 21వ అధ్యాయము తీయండి. నాబోతు తన పితరుల భూమిని అమ్మనన్నాడు. అహాబు అలిగి పడుకున్నాడు. యెజెబెలు రాజు పేరున ఉత్తరాలు వ్రాసి ముద్ర వేసింది. ఊరి పెద్దలు ఉపవాసదినము చాటించారు, అబద్ధసాక్షులు ఇద్దరిని కూర్చోబెట్టారు, నాబోతును రాళ్ళతో కొట్టి చంపించారు. కాగితం మీద అంతా సక్రమమే! ముద్ర ఉన్నది, సాక్షులు ఉన్నారు, తీర్పు ఉన్నది. ఒక్క న్యాయం మాత్రమే లేదు. పొలం గట్టు జరిగితే ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియక తిరిగిన రైతుకు ఈ అధ్యాయము వివరించనక్కరలేదు. చీకటి నవలల బలం ఇదే. పాపం ఒక మనిషి గుండెలోనే కాదు, ఊరి పెద్దల సభలో కూడా కూర్చుంటుందని అవి చూపిస్తాయి.

'రెడ్ హార్వెస్ట్'లో ఇంకొక సత్యం ఉన్నది. ఊరిని శుభ్రం చేయడానికి వచ్చిన డిటెక్టివు రౌడీలను ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తాడు. శవాలు లేస్తూనే ఉంటాయి. కొంతకాలానికి ఆ చంపులాట తనకే రుచిస్తున్నదని అతడు గ్రహించి భయపడతాడు. చెడును చెడుతో కడగబోయినవాని చేతికి ఏమి అంటుకుంటుందో హామెట్ దాచలేదు.

గాజు కిటికీలోని వీరుడు

మధ్యయుగానికి, అమెరికా చీకటి వీధికి సంబంధమేమిటని మీరు అడగవచ్చును. రేమండ్ చాండ్లర్ వ్రాసిన 'ద బిగ్ స్లీప్' చూడండి. చాండ్లర్ 1888లో షికాగోలో పుట్టి ఇంగ్లండులో చదువుకున్నాడు. నూనె కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, తాగుడు వలన 1932లో దానిని పోగొట్టుకున్నాడు. ఆ తరువాతనే కథలు వ్రాయడం నేర్చుకున్నాడు. మొదటి నవల ఇదే. 1939లో వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది.

ఆ నవల మొదట్లోనే ఫిలిప్ మార్లో అనే డిటెక్టివు ఒక ధనవంతుని ఇంటికి వెళ్తాడు. అక్కడి రంగుల గాజు కిటికీలో ఒక బొమ్మ ఉంటుంది. చెట్టుకు కట్టివేయబడిన స్త్రీ, ఆమె కట్లు విప్పుతున్న కవచధారి. విప్పుతూనే ఉన్నాడు గాని ముడి వీడడం లేదు. తానే పైకెక్కి సాయం చేయవలసి వస్తుందేమోనని మార్లో అనుకుంటాడు. నవలంతా ఆ బొమ్మలోనే ఉన్నది. మార్లో పాత కాలపు వీరుడు, బ్రతికేది మాత్రం లాస్ ఏంజెలెస్ పట్టణంలో. డబ్బు అన్నింటినీ కొనే చోట తనను కొననివ్వకుండా నిలబడాలని అతని తాపత్రయం. చాండ్లర్ మొదటి కథలోని డిటెక్టివు పేరు మాలరీ. ఆర్థరు రాజు వీరుల కథలను పదిహేనవ శతాబ్దంలో ఇంగ్లీషులో వ్రాసిన థామస్ మాలరీని ఆ పేరు గుర్తుచేస్తుంది.

చీకటి నవలల బలహీనత కూడా చెప్పుకోవాలి. వాటిలో అందమైన స్త్రీ తరచుగా ఉచ్చుగానే ఉంటుంది. ఆమెకూ ఒక మనస్సు, ఒక బాధ ఉంటాయని రచయిత చాలాసార్లు మరచిపోతాడు. తాగుడును మగతనంగా చూపించేవీ ఉన్నాయి. అన్నిటికంటె పెద్ద ప్రమాదం నిరాశ. లోకమంతా ఇంతే, ఏమీ చేయలేము అనే మాటను పదే పదే వింటే యౌవనస్థుని మనస్సు మొద్దుబారుతుంది. నాబోతు అధ్యాయము కూడా చీకటిదే. అయితే హత్యతో ముగియదు. చంపి స్వాధీనపరచుకున్నవాని ముందుకు ఏలీయా వచ్చి నిలబడతాడు. ఆ నిలబడేవాడు నవలలో ఉన్నాడా అని చూడండి.

ప్రకటన గ్రంథముతో వెదకిన పరిశోధకుడు

మధ్యయుగపు నేరకథలలో మిక్కిలి పేరుపొందినది ఉంబెర్తో ఎకో వ్రాసిన 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'. ఎకో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండేవాడు. ఇటాలియను భాషలో 1980లో, ఇంగ్లీషులో 1983లో వచ్చింది. 1986లో సినిమా అయింది. కథాకాలం 1327. మన ఓరుగల్లు ఢిల్లీ సేనలకు పడిపోయి అప్పటికి నాలుగేళ్ళు.

ఉత్తర ఇటలీలో కొండ మీద ఒక మఠం, అందులో గొప్ప గ్రంథాలయం. ఏడు రోజులలో మఠవాసులు ఒకరి తరువాత ఒకరు చనిపోతారు. విలియం అనే ఫ్రాన్సిస్కను మఠవాసి తన శిష్యుడైన ఆడ్సోతో కలిసి విచారిస్తాడు. చావులు ప్రకటన గ్రంథములోని బూరల వరుసలో జరుగుతున్నట్లు కనిపిస్తుంది. వడగండ్లు, రక్తము, నీళ్ళు... ప్రతి శవానికీ ఒక వచనం సరిపోతున్నట్లే ఉంటుంది. ముగింపు చెప్పడం న్యాయం కాదు గాని, ఆ లెక్క విలియం అనుకున్నంత సూటిగా లేదని మాత్రం చెప్పగలను.

యుద్ధం వచ్చినా, భూకంపం వచ్చినా ఇది ఫలానా వచనమే అని పంచాంగంవలె లెక్కలు కట్టే అలవాటు మన మధ్య ఉన్నది. అటువంటివారు చదవదగిన నవల ఇది. సరిపోయినట్లు కనిపించినదంతా నిజం కాదు. తెలివైనవాడే మరింత సులభంగా తన లెక్కలో తాను చిక్కుకుంటాడు.

హెచ్చరిక కూడా చెప్పాలి. పుస్తకం పెద్దది. లాటిను మాటలు, మఠాల తగాదాలు ఎక్కువ. స్త్రీపురుష సంబంధమైన ఘట్టం ఒకటి ఉన్నది. మతపెద్దల క్రౌర్యం కళ్ళకు కట్టినట్లు ఉంటుంది. అది పెద్దవారికి తగిన పుస్తకం.

మిరపకాయ పరీక్ష

గతకాలపు కథను చదివేటప్పుడు రచయిత నిజంగా ఆ కాలంలోకి వెళ్ళాడా, లేక నేటి మనుష్యులకు పాత బట్టలు తొడిగాడా అని చూడాలి. దానికి ఒక తేలిక పరీక్ష ఉన్నది. కాకతీయుల కాలపు కథలో ఎవరైనా మిరపకాయ పచ్చడి తింటే ఆ రచయిత శ్రద్ధ తీసుకోలేదని అర్థం. మిరపకాయ అమెరికా ఖండం నుండి పోర్చుగీసు ఓడలలో వచ్చింది. అది పదహారవ శతాబ్దపు మాట. అలాగే 1138లో ఇంగ్లండు రైతు పొలంలో బంగాళాదుంప ఉండకూడదు.

పుస్తకాల విషయం కూడా అంతే. యూరపులో అచ్చుయంత్రం 1450 ప్రాంతంలో వచ్చింది. అంతకుముందు ప్రతి గ్రంథాన్నీ చేతితో, గొర్రె చర్మం మీదనో దూడ చర్మం మీదనో వ్రాయాలి. ఒక బైబిలుకు మందలు కావలసి వచ్చేది. ఎకో నవలలో ఒక పుస్తకం కోసం ప్రాణాలు ఎందుకు పోతాయో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

ఒక్క పేజీ సమీక్ష

చదివిన పుస్తకాన్ని గూర్చి ఒక్క పేజీ వ్రాయడం మంచి అలవాటు. యౌవనస్థుల కూటములలో నెలకొకరు వ్రాసి చదివి వినిపించవచ్చును. దాచుకొని చదివే అలవాటుకు ఇంతకంటె మంచి మందు లేదు. వ్రాసేవారు ఈ అయిదు ప్రశ్నలు వేసుకోవాలి.

1. కథ ఎక్కడిది, ఏ కాలానిది? ఆ కాలం, ఆ స్థలం నమ్మదగినట్లు ఉన్నాయా?
2. చంపబడినవానికి పేరు, తల్లి, ఆశ ఉన్నాయా? లేక వాడు కథ నడవడానికి ఒక శవం మాత్రమేనా?
3. క్రౌర్యాన్ని అవసరమైనంత చూపారా, రుచి కోసం చూపారా?
4. చంపినవాణ్ణి చదువుతున్నప్పుడు "వీడు రాక్షసుడు" అనిపించిందా, "ఇది నాలోనూ ఉన్నది" అనిపించిందా? నాతాను కథ వింటూ దావీదు మండిపడ్డాడు. ఆ మనిషి తానేనని తెలిసినప్పుడే ఆ కథ పని పూర్తయింది.
5. ఇది ఎవరికి తగును, ఎవరికి తగదు?

హంతకుడెవరో మాత్రం చెప్పకూడదు. అది తరువాత చదివేవారి ఆస్తిని దొంగిలించడమే. ఉదాహరణకు మొదటి కాడ్‌ఫెల్ నవల 'ఎ మార్బిడ్ టేస్ట్ ఫర్ బోన్స్' మీద ఒక చిన్న సమీక్ష ఇలా ఉండవచ్చును:

"కథాకాలం 1137. ష్రూస్‌బరీ మఠపు పెద్దలకు పేరు కావాలి. పేరు రావాలంటే ఒక పరిశుద్ధురాలి ఎముకలు కావాలి. అవి వేల్స్‌లోని ఒక పల్లెలో ఉన్నాయని తెలిసి బయలుదేరుతారు. వేల్స్ భాష తెలిసిన కాడ్‌ఫెల్ వెంట వెళ్తాడు. పల్లెవారి పక్షాన రిసియార్ట్ అనే భూస్వామి ఎదురు నిలుస్తాడు. లంచం ఇవ్వబోతే మండిపడతాడు. తరువాత అడవిలో బాణం దెబ్బతో చచ్చిపడి ఉంటాడు. ఎముకలను పూజించే ఆచారాన్ని రచయిత్రి సమర్థించలేదు, పల్లెవారి భక్తిని వెక్కిరించనూ లేదు. పెద్దల పేరాశను మాత్రం నవ్వుతూనే ఎండగట్టారు. రిసియార్ట్ కుమార్తె దుఃఖం పుస్తకమంతా వినిపిస్తుంది. ముగింపు కొంత చమత్కారం, కొంత సందేహం. పదిహేనేళ్ళు దాటినవారు చదవవచ్చును."

చూశారా? ఇందులో పొగడ్త కొంచెమే, తిట్టు కొంచెమే. చదివినవారికి ఆ పుస్తకం ఏమిటో తెలిసింది. ఇంటికి తెచ్చుకోవాలా వద్దా అని వారే నిర్ణయించుకోగలరు.

సహోదరీ సహోదరులారా, పేపరు తెరిస్తే చావుల లెక్క, టీవీ పెడితే చావుల లెక్క. ప్రమాదంలో ఇందరు, అల్లర్లలో ఇందరు అని వింటూనే అన్నం కలుపుకుంటున్నాము. ఆ అంకెలోని ఒక్కొక్కరికీ ఒక ఇల్లు, ఒక పేరు ఉన్నాయని మనకు తోచడం మానివేసింది. మంచి నేరకథ ఆ అలవాటును చెడగొడుతుంది. మనలను ఆ గుట్ట దగ్గరకు తీసుకువెళ్ళి, వరుసగా పడుకోబెట్టి, ఒక్కొక్కరి ముఖం చూపిస్తుంది. అటువంటి పుస్తకం మీ పిల్లల చేతిలో కనబడితే లాగివేయకండి. పక్కన కూర్చొని, ఈ చచ్చినవాడు ఎవరమ్మా, వీని కోసం ఎవరు ఏడ్చారు అని అడగండి. జవాబు ఆ పుస్తకంలో ఉంటే చదవనివ్వండి. లేకపోతే, ఎందుకు లేదో ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.